ఆ మాట ఏ పేజీ దగ్గర రాశారు?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. నెల రోజుల కిందట మా మనవడు ఒక పాత డిస్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల పెదనాన్న కొడుకు ఆడి, ఇక చాలనుకుని వీడికి ఇచ్చేసిన 'మార్వెల్స్ అవెంజర్స్' అనే ఆట అది. "తాతయ్యా, ఇంత మంచి సూపర్ హీరో కథ ఇంకే ఆటలోనూ లేదని ఒకరు రాశారు. డబ్బు నీళ్లలో పోసినట్టే అని ఇంకొకరు రాశారు. ఇద్దరిలో అబద్ధం ఎవరిది?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడితో కలిసి కూర్చుని ఆడాను. ఆడినవాళ్లు రాసినవి ఓపికగా చదివాను. ఇద్దరూ నిజమే రాశారని ఇప్పుడు చెప్పగలను. అదెలా కుదురుతుందో మీ అందరికీ చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు నా పాత పని గురించి కొంచెం చెప్పాలి. 1980లలో నేను అద్దె పుస్తకాల దుకాణం నడిపేవాడిని. ఇంటికి వెళ్లి తిరిగివచ్చిన నవలల్లో పెన్సిల్ రాతలు ఉండేవి. నలభయ్యో పేజీ అంచున ఎవరో 'అద్భుతం' అని రాసేవారు. అదే నవల చివరి పేజీ కింద మరొకరు 'మోసం, సగం దాకానే చదవండి' అని రాసేవారు. ఒక్క పేజీ అయినా తిప్పకుండా అట్ట లోపలే 'చెత్త' అని రాసి పంపినవారూ ఉన్నారు. రబ్బరు తీసుకుని అవన్నీ చెరిపే పని నాదే. మొదట్లో కోపం వచ్చేది. తరువాత చెరిపే ముందు చదవడం అలవాటైంది. కొన్నాళ్లకు, ఆ రచయిత కొత్త నవల తెప్పించాలా వద్దా అన్నది ఆ రాతలను బట్టే తేల్చుకునేవాడిని. అయితే ఏం రాశారో చూడకముందు ఎక్కడ రాశారో చూసేవాడిని. ఈ ఆట మీద వచ్చిన అభిప్రాయాలను కూడా అలాగే చదివాను.

అట్ట మీది రాతలతో మొదలుపెడతాను. 2019 జూన్‌లో ఈ ఆటను లోకానికి మొదటిసారి చూపించారు. చేతికి రావడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. అయినా అభిప్రాయాలు వెల్లువెత్తాయి. ఐరన్ మ్యాన్, థోర్, కెప్టెన్ అమెరికా ముఖాలు సినిమాల్లో మనం చూసినవారివి కావనీ, వారి డూపులవిలా ఉన్నాయనీ చాలామంది అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అది ఆట గురించిన మాట కాదు, బొమ్మ గురించిన మాట. 2020 మే నెలలో రావలసిన ఆట వాయిదా పడి సెప్టెంబర్ 4న వచ్చింది. కంట్రోలర్ చేతికి వచ్చిన కొద్ది గంటలకే ముఖాల గొడవను చాలామంది మరిచిపోయారు.

ఎందుకు మరిచిపోయారో నేనూ ఆడి తెలుసుకున్నాను. కథ ఒక అమ్మాయితో మొదలవుతుంది. ఆమె పేరు కమలా ఖాన్. అమెరికాలోని జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం వారిది. లోకాన్ని కాపాడే వీరుల జట్టు అవెంజర్స్ అంటే ఆమెకు ప్రాణం. వాళ్ల మీద తానే ఒక కథ రాసి పోటీకి పంపుతుంది. ఆ కథ చివరి వడపోత దాకా రావడంతో, నాన్నను వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే ఉత్సవానికి వస్తుంది. మొదట కాసేపు యుద్ధమే లేదు. తిరునాళ్లలో తిరిగే పిల్లలా అంగళ్ల మధ్య నడుస్తూ, కామిక్ పుస్తకాలు ఏరుకుంటూ, తనకు ఇష్టమైన వీరులను దగ్గరి నుంచి చూస్తూ ఉంటుంది. ఆ తరువాత గోల్డెన్ గేట్ వంతెన మీద దాడి, విమాన నౌక పేలుడు, కెప్టెన్ అమెరికా చనిపోయాడన్న వార్త. నింద అంతా అవెంజర్స్ మీద పడుతుంది, జట్టు చెదిరిపోతుంది. అయిదేళ్ల తరువాత, సాగే చేతులూ కాళ్లూ వచ్చిన కమల, ఆ వీరులు నిర్దోషులని చూపించే ఆధారం దొరకబుచ్చుకుని ఒంటరిగా బయలుదేరుతుంది. పాడుబడిన నౌకలో దాక్కున్న బ్రూస్ బ్యానర్‌ను, అంటే హల్క్‌గా మారే మనిషిని, కనిపెడుతుంది. చెదిరిపోయిన పెద్దలందరినీ ఒక్కొక్కరినే మళ్లీ కలిపేది ఆ పిల్లే.

కథ మీద వచ్చిన పొగడ్తల్లో ఎక్కువ భాగం కమలకే దక్కింది. ఆమెలో తమను చూసుకున్నామని ఎంతోమంది రాశారు. నాకూ అలాగే అనిపించింది. పెద్దవాళ్లు ఆశ వదిలేసిన చోట ఒక పిల్ల నిలబడి 'మీరు ఇలాంటివారు కాదు' అని చెబుతుంటే, ఈ వయసులోనూ నా గొంతు పూడుకుపోయింది.

పోరాటం మీద కూడా మంచి మాటలే ఎక్కువ. థోర్ సుత్తి విసిరితే అది శత్రువును గోడకు అదిమిపెడుతుంది, పిలిస్తే తిరిగి చేతికి వస్తుంది. హల్క్ ఒక శత్రువును కాలు పట్టుకుని లేపి, వాడితోనే మిగిలినవాళ్లను బాదుతాడు. ఒక్కొక్క వీరుడిని ఆడించేటప్పుడు చేతికి ఒక్కొక్క బరువు తెలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు. దీన్ని తయారుచేసిన క్రిస్టల్ డైనమిక్స్ సంస్థకు ఇందులో చేయి తిరిగింది. ఒక మనిషి సాహసాన్ని కథగా నడిపించే 'టూంబ్ రైడర్' ఆటల్లో చాలా వారివే.

ఇంతవరకు నలభయ్యో పేజీ దగ్గరి 'అద్భుతం'.

పది పన్నెండు గంటల్లో కథ అయిపోతుంది. నిజానికి ఆట అక్కడి నుంచే మొదలు కావాలని తయారుచేసినవారి ఉద్దేశం. దీన్ని సర్వీసు ఆట అంటారు. ఒకసారి అమ్మి ఊరుకోరు. కొత్త వీరులను, కొత్త మిషన్లను (వీరులకు అప్పగించే పనులను) ఏళ్ల తరబడి చేరుస్తూ ఉంటారు. అందుకయ్యే ఖర్చును వీరుల దుస్తుల అమ్మకంతో రాబట్టుకుంటారు. ఇలా నడవాలంటే ఆటగాళ్లు రోజూ తిరిగి రావాలి. వారిని రప్పించడానికి గేర్ పెట్టారు. అంటే కవచాలు, పట్టీలు, ఆయుధ భాగాలు. ఒక్కొక్కదానికి ఒక అంకె ఉంటుంది. మిషన్ పూర్తిచేస్తే ఇంకొంచెం పెద్ద అంకె ఉన్న గేర్ దొరుకుతుంది.

ఆటగాళ్లకు ఇక్కడే మనసు విరిగింది. ఎంత గొప్ప కవచం దొరికినా వీరుడి రూపంలో ఏ మార్పూ కనిపించదు. పెట్టుకున్నా ఎవరికీ కనబడని నగ అన్నమాట. మిషన్లు చూస్తే, ఎక్కువగా ఒకే తీరు ప్రయోగశాలలు, ఒకే తీరు గదులు, ఎయిమ్ అనే శత్రు సంస్థ పంపే రోబోలు. పేరున్న ప్రతినాయకులు టాస్క్‌మాస్టర్, అబామినేషన్, మోడాక్ వంటి కొద్దిమందే. వాళ్లనే మళ్లీ మళ్లీ ఓడించాలి. చేసిందే చేస్తూ అంకెలు పెంచుకోవడాన్ని ఆటగాళ్లు గ్రైండింగ్ అంటారు. మన మాటలో రుబ్బడం. రుబ్బడం వాళ్లకు కష్టం కాదు, ఇలాంటి ఆటలు ఆడేవారికి అది ఇష్టమే. రుబ్బిన తరువాత గారెలు రాలేదన్నదే వాళ్ల బాధ. 'డబ్బు నీళ్లలో పోసినట్టే' అని రాసినవారిలో చాలామంది ఈ పేజీ దగ్గర ఉండి రాశారు. ఆడేవారు తగ్గడంతో నలుగురు కలిసి ఆడవలసిన మిషన్లకు తోడు దొరకడమూ కష్టమైంది.

ప్రచురణకర్త స్క్వేర్ ఎనిక్స్ అధ్యక్షుడే 2021 వార్షిక నివేదికలో ఫలితం నిరాశపరిచిందని ఒప్పుకున్నారు. తయారుచేసే సంస్థ స్వభావానికి, అభిరుచికి తగిన ఆటనే ఎంచుకోవాలని దీనివల్ల తెలిసిందని అందులో రాశారు. ఆటగాళ్ల ఫిర్యాదు తప్పు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మీ నాన్నల వయసు ఆటగాళ్ల అభిప్రాయం ఇంకొకటి ఉంది. దాన్ని విడిగా చదవాలి. వాళ్లు ఈ ఆటను 2006లో రేవెన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన 'మార్వెల్: అల్టిమేట్ అలయన్స్' పక్కన పెట్టి చూస్తారు. అందులో ఇరవైమందికి పైగా వీరుల నుంచి నలుగురిని ఏరుకోవచ్చు, ఆ జట్టుకు మనమే పేరు పెట్టుకోవచ్చు, ఒక గుర్తు ఎంచుకోవచ్చు. ఒకే కథకు చెందిన వీరులను కలిపితే జట్టుకు అదనపు బలం వస్తుంది. ఒకచోట ఇద్దరు వీరుల్లో జీన్ గ్రేని కాపాడాలా, నైట్‌క్రాలర్‌ను కాపాడాలా అని తేల్చుకోవాలి. ఆ నిర్ణయం ఫలితం ఆట చివర కనిపిస్తుంది. అన్నిటికీ మించి, ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడవచ్చు. మా అబ్బాయి కాలేజీ రోజుల్లో స్నేహితుడి గదిలో ముగ్గురితో కలిసి అలాగే ఆడాడు. తమ జట్టు పేరు ఇప్పటికీ చెబుతాడు. 2020 ఆటలో ఒకే టీవీ మీద కలిసి ఆడే వీలు లేదు, ఎవరి ఇంట్లో వాళ్లు ఉండి ఇంటర్నెట్ ద్వారా కలవాలి. జట్టు గురించిన ఆటలో పక్కన కూర్చున్నవాడికి చోటు లేకపోవడమేమిటని వాళ్లు అడుగుతారు. నాకు ఆ ప్రశ్న చాలా న్యాయంగా అనిపించింది. అయితే ఆ పాత ఆటను 2016లో కొత్త యంత్రాల కోసం మళ్లీ విడుదల చేసినప్పుడు లోపాలున్నాయని, ధర ఎక్కువని ఇదే అభిమానులు గట్టిగా అన్నారు. ప్రేమ ఉంది కదా అని తప్పును కప్పిపుచ్చలేదు. వారి మాట మీద నాకు నమ్మకం కుదిరింది అందుకే.

ఇక మా మనవడికి బాగా నచ్చిన భాగానికి వస్తాను.

ఆటలో అమ్మేవి అలంకారాలే తప్ప, బలాన్ని డబ్బుకు అమ్మబోమని తయారుచేసినవారు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. ఆడేకొద్దీ వీరుడు ఎక్కే మెట్లను లెవెళ్లు అంటారు. 2021 మార్చిలో ఆ లెవెళ్లు పెరగడాన్ని నెమ్మదింపజేశారు. వీరుడికి కొత్త విద్యలు నేర్పే నైపుణ్య పాయింట్లు అంత త్వరగా వస్తే కొత్తవారు తికమక పడతారని కారణం చెప్పారు. ఆటగాళ్లు గొణుక్కుంటూనే సర్దుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో బ్లాక్ పాంథర్ వచ్చాడు. అతని దేశం వకాండా అడవులు, కొత్త శత్రువులతో కథ వచ్చింది. అదీ ఉచితంగా. అభిప్రాయాలు మళ్లీ మెత్తబడ్డాయి. అంతలోనే అక్టోబర్‌లో, లెవెళ్లు వేగంగా పెంచే బూస్టర్లను డబ్బుకు అమ్మడం మొదలుపెట్టారు. నెమ్మదిగా నడవమన్నవారే ఇప్పుడు వేగాన్ని అమ్ముతున్నారు! ఆటగాళ్లు భగ్గుమన్నారు. తిట్టి ఊరుకోలేదు. 'ఫలానా రోజు మీరు ఇచ్చిన మాట ఇది, ఈ రోజు చేసిన పని ఇది' అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు. నవంబర్ మొదట్లోనే సంస్థ క్షమాపణ చెప్పి, ఆ అమ్మకాన్ని ఆపేసింది.

ఆ సంగతి చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. నా దుకాణంలో పెన్సిల్ రాతలను నేను తప్ప ఎవరూ చదివేవారు కాదు. రచయిత దాకా వెళ్లే దారి వాటికి లేదు. ఇక్కడ మాత్రం, అంచున రాసిన మాట చూసి పుస్తకాన్ని దిద్దవలసి వచ్చింది.

అన్నిసార్లూ అలా జరగలేదు. ఆ ఏడాది నవంబర్ 30న స్పైడర్ మ్యాన్‌ను ప్లేస్టేషన్ అనే ఆట యంత్రం ఉన్నవారికి మాత్రమే ఇచ్చారు. ఆట కొన్న మిగిలినవారు చివరి దాకా అడుగుతూనే ఉన్నారు, రాలేదు.

చివరి పేజీ 2023లో వచ్చింది. మార్చి 31తో కొత్తవి చేర్చడం ఆపారు. అప్పటిదాకా ఆటలో డబ్బుకు అమ్మిన దుస్తులను ఆట ఉన్నవారందరికీ ఉచితంగా ఇచ్చేశారు. సెప్టెంబర్ 30 తరువాత ఆన్‌లైన్ దుకాణాల్లో ఆట అమ్మకం ఆగిపోయింది. డిస్కు ఉన్నవారు ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఆ చివరి నెలల్లో ధర బాగా తగ్గించినప్పుడు కొన్నవారి అభిప్రాయాలు చదివితే వేరే ఆట గురించి రాశారా అనిపిస్తుంది. వాళ్ల చేతికి వచ్చేసరికి వీరులు పదిమంది దాటారు, వకాండా కథ ఉంది, దుస్తులన్నీ ఉచితం, బూస్టర్ల గొడవ ముగిసిపోయింది. వాళ్లు సంతోషంగా రాశారు. మొదటి రోజు పూర్తి ధర పెట్టి కొన్నవారి కడుపుమంట వాళ్లకు తెలియదు. మొదటివారికి ఈ సంతోషం దక్కలేదు. తేదీ చూడకుండా చదివితే ఒకరు ఇంకొకరిని అబద్ధాలకోరు అంటున్నట్టే ఉంటుంది.

మా మనవడు ఇప్పుడు తన అభిప్రాయం రాస్తానంటున్నాడు. రాయమన్నాను. ఎన్ని గంటలు ఆడావు, కథ ఎక్కడి దాకా వచ్చింది, డిస్కు ఎంతకు దొరికింది, ఎవరితో ఆడావు అన్నవి ముందు రాసి, బాగుందో లేదో తరువాత రాయమన్నాను. మీరు ఏ ఆట గురించి రాసినా ఇవి రాయండి. నచ్చకపోతే ఏది నచ్చలేదో వేలు పెట్టి చూపించండి. తయారుచేసినవారిని పేరు పెట్టి దూషించకండి. గదులన్నీ ఒకేలా ఉన్నాయని చెప్పడానికి ఎవరినీ అవమానించనక్కర్లేదు.

వాడి నోటుపుస్తకంలో నా వంతు కూడా రాశాను. 'పదమూడు గంటలు. కథ పూర్తయింది. డిస్కు ఊరికే వచ్చింది. మనవడితో ఆడాను. కమల బ్యానర్‌ను కనుగొన్న చోట చాలాసేపు ఆగిపోయాను. కథ తరువాతి మిషన్లు నాలుగు చేశాను, అయిదవది చేయాలనిపించలేదు.' వాడు దాని కింద తన వంతు రాశాడు. వాడికి ఆ మిషన్లు ఇంకా విసుగు పుట్టించలేదు. హల్క్‌తో గోడలు పగలగొట్టడం నూరుసార్లైనా చేస్తానంటున్నాడు. అలాగే ఉంచాం, నేనేమీ చెరపలేదు.

ఇద్దరం ఒకే తెర మీద ఆడే వీలు లేదు కాబట్టి వంతులు వేసుకున్నాం. వాడిది ఒక మిషన్, నాది ఒకటి. ఇప్పుడు వకాండా మొదలుపెట్టాం. రేపు సాయంత్రం వంతు నాది.

ఇట్లు,
మీ తాతయ్య