చీమల నగరం ‘యాంట్ అటాక్’: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత ఎనిమిది బిట్ల కంప్యూటర్లకు, వాటిలోని జెడ్80 ప్రాసెసర్ నేరుగా పాటించే ఆదేశాలతో (అసెంబ్లీలో) ఆటలు రాసేవాణ్ణి కావడంతో, 1983లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌పై వచ్చిన ‘యాంట్ అటాక్’ ఆట గురించి కొన్ని పొరపాటు మాటలు నాకు తరచుగా వినబడుతుంటాయి. శాండీ వైట్ రూపొందించగా క్విక్‌సిల్వా సంస్థ విడుదల చేసిన ఈ ఆటలో, రాక్షస చీమలు సంచరించే యాంటెషర్ అనే ప్రాకార నగరంలో చిక్కుకున్న మనిషిని వెతికి, ఆ గోడల సందుల గుండా ప్రాణాలతో బయటకు తీసుకురావాలి.

అపోహ: అంత పెద్ద నగరం స్పెక్ట్రమ్‌లోని 48 కిలోబైట్ల మెమరీలో పట్టదు కనుక, గోడలను ఏదో సూత్రంతో అప్పటికప్పుడు పుట్టిస్తారు.

వాస్తవం: నగరం మొత్తం మెమరీలోనే ఉంటుంది. నగరమంతా దిమ్మెలతో కట్టినదే: నేల 128 × 128 గడులు, ఎత్తు ఆరు అంతస్తులు. ఒక్కో దిమ్మెకు ఒక్కో బైటు చొప్పున ఇస్తే 98,304 బైట్లు కావాలి. అది యంత్రంలోని మెమరీకి సరిగ్గా రెట్టింపు. అయితే దిమ్మె ఉందా, లేదా అన్నది తప్ప మరేమీ గుర్తుంచుకోనక్కరలేదు కాబట్టి, ఒక గడిపై లేచే ఆరు అంతస్తులూ ఒకే బైటులోని ఎనిమిది బిట్లలో (0 లేదా 1 పట్టే చోట్లలో) ఆరింటిలో ఒదిగి, నగరమంతా 16,384 బైట్లలో ఇమిడిపోయింది. జెడ్80కి గుణించే ఆదేశమే లేదు. వరుసకు 128 గడులుంటే గుణకారం లేకుండా బిట్లను జరిపి ఏ గడి చిరునామానైనా రాబట్టవచ్చు. ఈ పొదుపును నేను ఇప్పటికీ నా ప్రోగ్రాములలో అనుకరిస్తుంటాను.

అపోహ: మూడు కొలతల దృశ్యానికి కష్టమైన గణితం అవసరం.

వాస్తవం: ఇక్కడ దూరాన్నిబట్టి వస్తువు చిన్నదవదు, కనుక భాగహారం అక్కరలేదు, కూడికలు, తీసివేతలు చాలు. నగరాన్ని నాలుగు దిక్కుల నుంచి చూపడానికి కూడా అక్షాలను తారుమారు చేసి, గుర్తులు మారిస్తే సరిపోతుంది.

అపోహ: ఇలాంటి ఏటవాలు దృశ్యం ‘నైట్ లోర్’ అనే ఆటతో మొదలైంది.

వాస్తవం: అది 1984 నాటిది. ‘యాంట్ అటాక్’ కూడా మొదటిది కాదు. ఆర్కేడ్లలో (నాణెం వేసి ఆడే ఆటల యంత్రాలలో) ‘జాక్సన్’ అనే ఆట 1982లోనే ఉంది.

అపోహ: రంగులు వేసే ఓపిక లేకనే నగరాన్ని వెలవెలబోయేలా వదిలేశారు.

వాస్తవం: స్పెక్ట్రమ్ తెరపై 8 × 8 చుక్కల గడికి రెండు రంగులే దక్కుతాయి. ఏటవాలు గోడల అంచులు ఆ గడులను అడ్డదిడ్డంగా కోస్తాయి కనుక, చీమకు వేరే రంగు ఇచ్చి ఉంటే, అది దాటిపోతున్నంతసేపూ పక్కనున్న గోడ ముక్కకు కూడా ఆ రంగే అంటుకునేది.