టెక్నికల్ అనాలిసిస్ నేర్చుకునేవారిలో తరచూ కనిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

మారతహళ్లిలో వారాంతాల్లో నేను నడిపే టెక్నికల్ అనాలిసిస్ (పాత ధరల చార్టులు చూసి షేర్లు ఎప్పుడు కొనాలో, అమ్మాలో నిర్ణయించుకునే పద్ధతి) తరగతులకు వచ్చేవారిలో ఎక్కువమంది అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి బెంగళూరుకు ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువారే. లెక్కలు వారికి కొట్టినపిండి కాబట్టి ఏ సూత్రమైనా ఇట్టే పట్టేస్తారు. అయితే ఆ సూత్రం దేనిని కొలుస్తోందో, దేనిని కొలవడం లేదో విచారించకముందే ఫోన్‌లో ఆర్డరు పెట్టేస్తుంటారు. అలాంటి చోట్ల పదేపదే ఎదురయ్యే అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: చార్టు చదవడం వస్తే రేపటి ధర తెలిసిపోతుంది.

వాస్తవం: చార్టులో ఉండేది జరిగిపోయిన లావాదేవీల నమోదు మాత్రమే. ఒక షేరు గతంలో మూడుసార్లు 390 రూపాయల దగ్గర ఆగి పైకి వెళ్లినంత మాత్రాన నాలుగోసారి కూడా అక్కడే ఆగి తీరాలన్న నియమం ఏమీ లేదు. 400 దగ్గర కొన్న వ్యక్తి, ధర 390 కంటే దిగువకు పడితే తన అంచనా తప్పిందని ఒప్పుకుని బయటపడడానికి ఒక గీత దొరికిందని మాత్రమే దాని అర్థం. ఎన్ని షేర్లు కొనాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ గీత నుంచే వస్తుంది. లక్ష రూపాయల పెట్టుబడిలో ఒక ట్రేడుకు 1 శాతం, అంటే 1,000 రూపాయలు పోయినా ఫరవాలేదనుకుంటే, షేరుకు 10 రూపాయల నష్టం చొప్పున 100 షేర్లకు మించి కొనకూడదు. ఈ చిన్న భాగహారం చేయకుండా ఖాతాలో ఉన్న డబ్బంతా ఒకే షేరులో పెట్టేవారికి చార్టులో కనిపించే ఎంత గొప్ప ఆకారం (ప్యాటర్న్) నేర్పినా ప్రయోజనం ఉండదన్నది నా అభిప్రాయం.

అపోహ: క్యాండిల్ ప్యాటర్న్‌ల పేర్లన్నీ వస్తే సగం విద్య వచ్చినట్లే.

వాస్తవం: ఒక్కో రోజు లేదా ఒక్కో వ్యవధి ధరలను కొవ్వొత్తి లాంటి గుర్తుగా గీసే, జపాన్ బియ్యం వ్యాపారంతో ముడిపడిన ఈ క్యాండిల్ పద్ధతి ప్రారంభ, గరిష్ఠ, కనిష్ఠ, ముగింపు ధరలు నాలుగింటినే చెబుతుంది. గరిష్ఠం ముందు వచ్చిందా, కనిష్ఠం ముందు వచ్చిందా అన్నది అది చెప్పదు. 500 దగ్గర మొదలై, 480కి పడి, 503 దగ్గర ముగిసిన రోజును తీసుకోండి. ఉదయమే 480కి పడి, ఆ తర్వాత రోజంతా కొనుగోళ్లతో నింపాదిగా కోలుకుని ఉండవచ్చు. లేదా మధ్యాహ్నం రెండున్నర వరకు 500 దగ్గరే కదలకుండా ఉండి, ఒక్కసారిగా పడి, చివరి నిమిషాల్లో లేచి ఉండవచ్చు. రోజువారీ చార్టులో రెండూ కింద పొడవైన తోక ఉండే ఒకే రకమైన హ్యామర్‌గా కనిపిస్తాయి. అందువల్ల 15 నిమిషాల చార్టునూ, ఏ సమయంలో ఎంత వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) వచ్చిందన్నదానినీ చూడకుండా ఆ హ్యామర్‌ను నమ్మడం తొందరపాటే.

అపోహ: ఎన్ని ఇండికేటర్లు ఒకే మాట చెబితే అంత నమ్మకం.

వాస్తవం: ఆర్‌ఎస్‌ఐ, మ్యాక్‌డీ, స్టోకాస్టిక్ అనే ఇండికేటర్లు (ధరల నుంచి లెక్కగట్టే సూచికలు) మూడూ అదే ధర నుంచి పుట్టినవే కాబట్టి, అవి ఏకీభవించడమంటే ఒకే సాక్షిని మూడు పేర్లతో బోనెక్కించడమే. వెల్స్ వైల్డర్ 1978లో పరిచయం చేసిన ఆర్‌ఎస్‌ఐ సాధారణంగా 14 క్యాండిళ్ల సగటు పెరుగుదలను సగటు తగ్గుదలతో పోల్చి, 0 నుంచి 100 లోపు అంకెగా చూపుతుంది. పెరుగుదల సగటు 3 రూపాయలు, తగ్గుదల సగటు 1 రూపాయి అయితే ఆర్‌ఎస్‌ఐ 75 వస్తుంది. అది ఇటీవలి పెరుగుదల జోరును చెప్పే అంకె మాత్రమే. బలమైన ట్రెండ్‌లో అది 70కి పైన చాలా రోజులు కొనసాగగలదు కనుక, 70 దాటగానే అమ్మాలన్న సలహా తరచూ బెడిసికొడుతుంది.

అపోహ: స్టాప్‌లాస్ పెడితే నష్టం అంతకు మించదు.

వాస్తవం: స్టాప్‌లాస్ అంటే ధర ఒక స్థాయికి పడగానే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డరు. అది మేల్కొనే ధర (ట్రిగ్గర్) 170, అంతకంటే తక్కువకు అమ్మవద్దన్న ధర (లిమిట్) 169 అని పెట్టినప్పుడు ధర ఒక్క ఉదుటున 160కి జారితే, ఆర్డరు మేల్కొంటుంది గానీ 169కి కొనేవారు ఉండరు. 2009 జనవరి 7న ఖాతాల్లో మోసం జరిగిందని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధినేత రాసిన లేఖ బయటపడిన రోజు తెలుగు మదుపరులకు ఇప్పటికీ గుర్తే. ముందు రోజు 179 రూపాయల దరిదాపుల్లో ముగిసిన షేరు ఆ రోజు 40 రూపాయల దరిదాపుల్లో ముగిసింది. ఏ చార్టూ ఆ లేఖను ముందుగా చూపలేదు.

అపోహ: పదింట ఏడు ట్రేడులు గెలిస్తే లాభం ఖాయం.

వాస్తవం: ఏడు గెలుపుల్లో ఒక్కోదానికి 500 వచ్చి, మూడు ఓటముల్లో ఒక్కోదానికి 1,500 పోతే మిగిలేది 1,000 రూపాయల నష్టం. నాలుగే గెలిచి ఒక్కోదానిలో 2,000 సంపాదించి, ఆరు ఓడి ఒక్కోదానిలో 1,000 పోగొట్టుకున్నవారికి 2,000 మిగులుతుంది. రెండు లెక్కల్లోనూ బ్రోకరేజి, పన్నులు ఇంకా తీసివేయలేదు.

అపోహ: ఆప్షన్లకు తక్కువ డబ్బు చాలు కాబట్టి కొత్తవారు అక్కడే మొదలుపెట్టవచ్చు.

వాస్తవం: ఆప్షన్ అంటే నిర్ణీత తేదీకి, నిర్ణీత ధరకు కొనే లేదా అమ్మే హక్కు. 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్ల) విభాగంలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు; మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. పైగా ఉదయం తొమ్మిదింబావు నుంచి మూడున్నర వరకు ఆఫీసు మీటింగుల్లో ఉండేవారికి గడియ గడియకూ విలువ కరిగే ఆప్షన్ ఏ రకంగానూ అనువైనది కాదు.

అపోహ: నేటి మార్కెట్‌లోని షేర్ల ధరలు చూపించి చెప్పేవారే నిజమైన గురువు.

వాస్తవం: కేవలం బోధనకే పరిమితమైనవారు గత 3 నెలల మార్కెట్ ధరలను వాడి ఏ షేరు పేరు మీదా సలహా గానీ, భవిష్యత్ ధర గానీ సూచించకూడదని 2025 జనవరి నాటి సెబీ సర్క్యులర్ స్పష్టం చేసింది. అందుకే నేను పాత చార్టును అచ్చువేయించి, కుడివైపు భాగాన్ని కాగితంతో కప్పి, ఒక్కో క్యాండిల్ చొప్పున జరుపుతూ నేర్పుతాను. జరిపే ముందే కొనే ధర, స్టాప్‌లాస్, షేర్ల సంఖ్య నోటుపుస్తకంలో రాయాలి. సలహాలు అమ్మేవారి దగ్గరకు వెళ్లదలిస్తే మాత్రం వారి రిజిస్ట్రేషన్ నంబరును సెబీ వెబ్‌సైటులో సరిచూసుకున్న తర్వాతే డబ్బు కట్టండి.