గార పోయినా మతిమరుపు పోలేదు

1901 నవంబరు, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్. మానసిక వైద్యశాలలో 51 ఏళ్ల అగస్టె డెటర్ భోంచేస్తోంది. పళ్లెంలో ఉన్నది పంది మాంసం, కాలీఫ్లవర్. ఏం తింటున్నారని డాక్టర్ అడిగితే పాలకూర అంది. భర్త పేరు అడిగితే తన పేరే చెప్పింది. అడిగిన డాక్టర్ అలోయిస్ అల్జైమర్.

1906లో ఆమె చనిపోయాక అల్జైమర్ ఆ మెదడును మ్యూనిక్‌కు తెప్పించుకున్నాడు. పల్చటి ముక్కలు కోసి, వెండి రసాయనంతో రంగు పట్టించి మైక్రోస్కోపులో చూశాడు. నాడీకణాల బయట పళ్లకు పట్టిన గారలాంటి మచ్చలు. కణాల లోపల చిక్కుపడ్డ దారప్పోగుల్లాంటి ముడులు. మనం 'పెద్దతనం, చాదస్తం' అని సరిపెట్టుకునేది ఒక్కోసారి జబ్బు కావచ్చని అక్కడే బయటపడింది. ఆ జబ్బునే ఇప్పుడు అల్జైమర్ అంటున్నాం.

ఆ గార ఏమిటో తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1984లో అమెరికాలో జార్జ్ గ్లెన్నర్, కేన్ వాంగ్ రోగుల మెదడు రక్తనాళాల నుంచి అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ముక్కను వేరుచేశారు. మరుసటి ఏడాదికి మచ్చల్లో ఉన్నదీ అదేనని తేలింది. లోపలి ముడులు టావ్ అనే ఇంకో ప్రొటీన్‌వి. అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఆ క్రోమోజోము మూడు ప్రతులుంటాయి. నలభై ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరి మెదడులోనూ ఈ గార కనిపిస్తుంది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నారు. ముందు అమిలాయిడ్ పేరుకుంటుంది, మిగతా అనర్థాలన్నీ దాని వెంటే వస్తాయని 1992లో సిద్ధాంతం కట్టారు. డబ్బూ, పరిశోధనా చాలావరకు అటే పోయాయి. కొంచెం అతిగానే పోయాయని నాకనిపిస్తుంది.

ఎందుకంటే లెక్క కుదరలేదు. గారను తొలగించే టీకాను మనుషుల మీద ప్రయత్నిస్తే కొందరికి మెదడువాపు వచ్చి 2002లో ఆపేశారు. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోయాక చూస్తే గార దాదాపు లేదు. అయినా పోయేనాటికి వాళ్లకు ఏమీ గుర్తులేని స్థితే. మరోవైపు, మెదడు నిండా మచ్చలున్నా చివరిదాకా చురుగ్గా ఉన్న ముసలివాళ్లున్నారు. మతిమరుపు ఎంత ముదిరిందన్నది గార కంటే టావ్ ముడులతోనే ఎక్కువ సరిపోలుతోంది.

2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చిన లెకానెమాబ్ అనే మందు అమిలాయిడ్‌ను బాగానే తొలగిస్తుంది. పరీక్షల్లో ఏడాదిన్నర వాడినవాళ్లకూ, వాడనివాళ్లకూ మధ్య వచ్చిన తేడా, జబ్బు ఎంత ముదిరిందో కొలిచే 18 పాయింట్ల కొలమానంలో 0.45. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు కాబట్టి మధ్యమధ్య ఎమ్మారై తీయిస్తుండాలి. ఆ అర పాయింటు ఇంట్లోవాళ్ల కంటికి ఆనుతుందా లేదా అన్నదాని మీద డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.