మంచులో ఎడమ కాలి పని

డిసెంబర్ నెలాఖరులో మనాలీ దాటి అటల్ టన్నెల్ వైపు వెళ్తే, టీఎస్, టీజీ నంబర్ ప్లేట్లున్న కార్లు తగలకుండా ఉండవు. హైదరాబాద్ నుంచి 2000 కిలోమీటర్లకు పైగా సొంత బండిలో వచ్చినవాళ్లవి. 2020 అక్టోబర్‌లో ఆ 9 కిలోమీటర్ల సొరంగం తెరిచాక లాహౌల్ లోయకు చలికాలంలోనూ దారి దొరికింది. లోయర్ ట్యాంక్‌బండ్ పక్కనున్న స్నో వరల్డ్‌లో తప్ప ఎక్కడా మంచు చూడనివాళ్లు కూడా ఇప్పుడు మంచు మీద స్టీరింగ్ పట్టుకుంటున్నారు. వాళ్లలో చాలామందిది గేర్లు మార్చుకునే మాన్యువల్ బండే. డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మతో ఒక బటన్ ఉంటుంది. "మనదాంట్లో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా, టెన్షన్ లేదు" అనే ధీమా దాన్ని చూసుకునే.

ఆ ధీమాలో సగమే నిజం. ట్రాక్షన్ కంట్రోల్ రోడ్డుకు లేని పట్టును తెచ్చిపెట్టదు. ఉన్న పట్టు ఎంతో కనిపెట్టి, ఇంజిన్ అంతకు మించి తోయకుండా ఆపుతుంది. పైగా మాన్యువల్ బండిలో దాని చేతికి అందని పెడల్ ఒకటుంది. అదే క్లచ్. దాని మీద పెత్తనమంతా మన ఎడమ కాలిదే.

ముందు పట్టు లెక్క చూద్దాం. కారు బరువంతా రోడ్డు మీద ఆనేది నాలుగు టైర్ల కింద, ఒక్కోచోట అరచేయంత మేర మాత్రమే. పొడి తారు మీద ఘర్షణ గుణకం, అంటే బరువులో ఎంత వంతు పట్టుగా దొరుకుతుందో చెప్పే అంకె, 0.8 దాకా ఉంటుంది. వాన పడితే 0.5 చుట్టుపక్కలకు దిగుతుంది. బండ్లు తిరిగి అణిగిపోయిన మంచు మీద 0.2. గట్టి ఐస్ మీద 0.1, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

టన్ను బరువున్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి తీసుకోండి. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది, వాటి మీద సుమారు 600 కిలోల బరువు పడుతుంది. ఆ చక్రాలు పొడి రోడ్డును 4,700 న్యూటన్ల బలంతో తోసినా జారవు. అణిగిన మంచు మీద 1,200 న్యూటన్లు దాటితే చాలు, ఉన్నచోటే తిరుగుతాయి. ఇక ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 110 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మొదటి గేరు, ఆ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ కలిసి దాన్ని దాదాపు 14 రెట్లు చేస్తాయి. చక్రం వ్యాసార్థం 30 సెంటీమీటర్లు కాబట్టి రోడ్డు మీద పడే తోపు 5,000 న్యూటన్లు దాటుతుంది. అంటే మంచు తట్టుకోగలిగినదానికి నాలుగు రెట్ల పైమాటే. అదే రెండో గేరులో సుమారు 2,800. మంచులో బండిని రెండో గేరులో ఎత్తమని కొండ ప్రాంతాల డ్రైవర్లు చెప్పేది ఇందుకే. కుడికాలు ఎక్కడైనా తొందరపడ్డా నష్టం సగమే.

అసలు ఐస్ ఎందుకంత జారుతుంది? బరువుకు అది కరిగి నీరవుతుందని చాలామంది బడిలో చదువుకున్నారు. కారు విషయంలో ఆ లెక్క కుదరదు. 33 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరు రోడ్డును నొక్కే ఒత్తిడికి ఐస్ కరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో యాభయ్యో వంతు కూడా తగ్గదు. అసలు సంగతి ఐస్ ఉపరితలంలో ఉంది. సున్నాకు కాస్త కింద కూడా ఐస్ పైపొర పూర్తిగా గట్టిపడదని, అక్కడ ద్రవంలాంటి పలచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించాడు. టైరు జారడం మొదలెట్టాక రాపిడి వేడికి ఇంకొంత కరుగుతుంది. ఇంట్లోనే చూడొచ్చు. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐస్ ముక్క తడి వేలికి అంటుకుంటుంది, రెండు నిమిషాలాగి పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుంది. కాబట్టి మైనస్ ఇరవై కంటే సున్నా దగ్గరి చలే డ్రైవరుకు ఎక్కువ ప్రమాదం. మధ్యాహ్నం ఎండకు కరిగిన నీళ్లు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, పొద్దున్నే కొండ నీడలో మామూలు తడి రోడ్డులా కనిపించే బ్లాక్ ఐస్ మరీ మోసం చేస్తుంది.

ఇక ఆ బటన్ వెనకున్న యంత్రం సంగతి. ప్రతి చక్రం హబ్ దగ్గర పళ్ల చక్రం గానీ అయస్కాంతపు రింగు గానీ ఉంటుంది, దాన్ని ఆనుకునే సెన్సర్. చక్రం తిరిగేకొద్దీ సెన్సర్‌లో విద్యుత్ తరంగాలు పుడతాయి, వాటిని లెక్కబెట్టి కంప్యూటర్ ప్రతి చక్రం వేగాన్నీ విడివిడిగా తెలుసుకుంటుంది. ఈ ఏర్పాటు నిజానికి ఏబీఎస్ కోసం పుట్టింది. బాష్ తయారుచేసిన ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది, మన దేశంలో కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. బ్రేకు వేసినప్పుడు ఏ చక్రం బండి కంటే నెమ్మదించి బిగుసుకుపోతోందో ఏబీఎస్ చూస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ అవే సెన్సర్లతో ఏ చక్రం బండి కంటే వేగంగా తిరుగుతోందో చూస్తుంది. టైరు రోడ్డు కంటే పది నుంచి ఇరవై శాతం ఎక్కువ తిరిగినప్పుడే దానికి గరిష్ఠ పట్టు దొరుకుతుంది. అది దాటిందా, కంప్యూటర్ ఇంజిన్‌కు గాలి వెళ్లే థ్రాటిల్ మూస్తుంది, స్పార్క్ ఆలస్యం చేస్తుంది, అవసరమైతే ఇంధనం కోస్తుంది. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వినదు.

దాని రెండో పని నాకు ఇంకా నచ్చుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ టార్క్ సమానంగా పంచుతుంది. కుడి చక్రం ఐస్ మీద, ఎడమది తారు మీద ఉంటే, ఐస్ మీదున్నది తీసుకోగలిగిన కొద్దిపాటి టార్కే తారు మీదున్నదానికీ అందుతుంది. ఒక చక్రం గిర్రున తిరుగుతుంటుంది, రెండోది కదలదు. అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ తిరుగుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకును ఎదిరించడానికి డిఫరెన్షియల్ టార్క్ పెంచాలి, పెంచినది రెండో చక్రానికీ సమానంగా వెళ్తుంది. బానెట్ కింద పంపు గర్రుమంటుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం కొట్టుకుంటుంది. దీపం ఆగి ఆగి వెలుగుతుంటే పని జరుగుతున్నట్టు. అలాగే నిలిచి వెలుగుతుంటే ఆఫ్‌లో ఉన్నట్టు, లేదా చెడిపోయినట్టు.

ఇదంతా ఆటోమేటిక్‌లో సాఫీగా సాగుతుంది. టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నూనె ఉంటుంది. కంప్యూటర్ ఇంజిన్‌ను ఎంత అణచినా అది ఆగిపోకుండా ఆ నూనె కాపాడుతుంది. మాన్యువల్‌లో క్లచ్ పూర్తిగా వదిలాక ఇంజిన్, చక్రం బిగించి కట్టేసినట్టే. చక్రం జారింది, కంప్యూటర్ టార్క్ కోసింది, ఇంజిన్ వేగం దిగింది, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) కంటే కిందికి పోయింది, బండి టక్కున ఆఫ్. "అన్నీ కరెక్టుగానే చేశా, ఎందుకు ఆగింది?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. పైన గాలి పలచన కావడం కూడా తోడవుతుంది. అటల్ టన్నెల్ 3,000 మీటర్లకు పైన ఉంది. అక్కడ టర్బో లేని ఇంజిన్‌కు సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు పావు వంతు బలం తగ్గుతుంది. మన 110 న్యూటన్ మీటర్ల టార్క్ కాస్తా 80 చిల్లర అవుతుంది.

క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తే ఇంకో గొడవ. ఇంజిన్‌కు బిగించిన బరువైన ఫ్లైవీల్ 2,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ కొంత శక్తిని దాచుకుని ఉంటుంది. కాలు తీయగానే అదంతా ఒక్క కుదుపుతో చక్రానికి చేరుతుంది. కంప్యూటర్ ఇంధనం ఆపగలదు గానీ, అప్పటికే తిరుగుతున్న ఇనుమును వెనక్కి పిలవలేదు. అది తేరుకునేలోపే టైరు మంచు పైపొరను నునుపు చేసేసి ఉంటుంది.

ఇక్కడే హైదరాబాదీకి ఒక అడ్వాంటేజ్ ఉంది. బంజారాహిల్స్ ఎత్తుల్లో, వెనక బంపర్‌కు ఆనుకుని ఆటో ఉండగా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం అలవాటైనవాళ్లకు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఎడమ కాలికి బాగా తెలుసు. మంచులో కావలసింది ఆ నేర్పే, రైజ్ మాత్రం సగం కూడా వద్దు. రెండో గేరు, ఐడిల్‌కు కొంచెం పైన ఇంజిన్, క్లచ్ పట్టుకునే చోట కాలు ఆగాలి. బండి మనిషి నడక వేగం అందుకున్నాక మిగతాది నెమ్మదిగా వదలాలి. క్లచ్ ప్లేటు కాస్త అరుగుతుంది, అరగనివ్వండి. దీపం వెలిగితే యాక్సిలరేటర్ తగ్గించి, ఇంజిన్ వణుకుతున్నట్టనిపిస్తే క్లచ్ మళ్లీ కొంచెం నొక్కాలి.

దిగేటప్పుడు కథ వేరు. ఘాట్‌లో పెట్రోల్ మిగుల్తుందని న్యూట్రల్ కొట్టి దిగేవాళ్లు మంచులో ఆ పని అస్సలు చేయకూడదు, రెండో గేరులో ఇంజిన్ పట్టి ఉంచాలి. కానీ మూడు నుంచి రెండుకు వేసి క్లచ్ గబుక్కున వదిలితే, ఇంజిన్ తిప్పే చక్రాలకు మాత్రమే హఠాత్తుగా బ్రేకు పడ్డట్టవుతుంది. ముందు చక్రాల బండి స్టీరింగ్ తిప్పినా వినదు. బొలెరో, స్కార్పియో లాంటి వెనక చక్రాల బండి తోక తిప్పుతుంది. గేరు వేసి, కొంచెం రైజ్ ఇచ్చి, అప్పుడు క్లచ్ వదిలితే రెండు వేగాలూ కలుస్తాయి. జారడం మొదలైపోతే మాత్రం క్లచ్ పూర్తిగా తొక్కేయడమే. చక్రాలు ఇంజిన్ నుంచి విడిపోయి మళ్లీ తిరుగుతాయి, తిరిగే చక్రమే మలుపు తీసుకోగలదు.

ఆగడంలో ట్రాక్షన్ కంట్రోల్ సాయం సున్నా. గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి పొడి రోడ్డు మీద 8 మీటర్లలో ఆగే బండికి అణిగిన మంచు మీద 32 మీటర్లు, ఐస్ మీద 63 మీటర్లు కావాలి. బ్రేకు తొక్కాలన్న ఆలోచన వచ్చేలోపు పోయే దూరం దీనికి అదనం. ఈజీగా కదిలింది కదా అని వేగం పెంచేవాళ్లకు ఈ సంగతి మొదటి మలుపులోనే తెలుస్తుంది.

లోతైన మెత్తటి మంచులో కూరుకుపోతే బటన్ నొక్కి ఆఫ్ చేయడమే మంచిది. అక్కడ చక్రం కొంచెం తిరిగి మంచును తవ్వుకుంటూ కింది గట్టి పొరను చేరాలి. కంప్యూటర్ ఆ కొంచెం కూడా తిరగనివ్వదు. ముందుకు, వెనక్కి ఊపుతూ బయటపడ్డాక మళ్లీ ఆన్ చేసుకోవాలి.

టైర్ల గురించి రెండు మాటలు. మన ఎండలకు తయారైన రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందకు పోతే బిగుసుకుపోతుంది. దానికి కంప్యూటర్ దగ్గర మందు లేదు. అద్దెకు దొరికే గొలుసులు కట్టించుకోవచ్చు, అయితే ఇంజిన్ తిప్పే చక్రాలకే కట్టాలి. పక్కనున్న జీపును చూసి హ్యాచ్‌బ్యాక్ వెనక చక్రాలకు కట్టించుకుంటే లాభం లేదు. గాలి లెక్క మాత్రం తమాషాగా ఉంటుంది. హైదరాబాద్‌లో 30 డిగ్రీల వేడిలో 33 పీఎస్‌ఐ నింపితే, మైనస్ 5లో చలి అయిదు పాయింట్ల పైన లాగేస్తుంది. కానీ 3,000 మీటర్ల ఎత్తున బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల మూడున్నర దాకా గేజిలో తిరిగొస్తుంది. మొత్తమ్మీద తగ్గేది రెండు లోపే.

మనాలీ వెళ్లనివాళ్లకూ ఈ దీపం జూన్‌లో కనిపిస్తుంది. మృగశిర కార్తె మొదటి జల్లుకు, ఏడాదిగా రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, టైరు పొడి, దుమ్ము కలిసి జిడ్డు పొర అవుతుంది. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు ఎక్కుతూ మొదటి గేరులో గట్టిగా తొక్కితే పసుపు దీపం వెలగడానికి మంచేమీ అక్కర్లేదు. గంటసేపు గట్టి వాన కురిసి ఆ జిడ్డు కొట్టుకుపోయాక పట్టు కాస్త మెరుగవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట ప్రమాదం మరో రకం. 1960ల్లో నాసా విమానాల టైర్ల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, 33 పీఎస్‌ఐ టైరు గంటకు సుమారు 95 కిలోమీటర్ల దగ్గర నీటి మీద తేలిపోగలదు. టైరుకు రోడ్డే తగలనప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ కాపాడుకోవడానికి పట్టంటూ ఉండదు. బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ తొక్కి, టైరు మళ్లీ రోడ్డుకు ఆనేదాకా స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి.