ఓపెన్ హౌస్ పెడితే ఇల్లు అమ్ముడుపోతుందా? అపోహలు - వాస్తవాలు

ఓపెన్ హౌస్ అంటే, ముందుగా సమయం తీసుకోకుండా ఎవరైనా వచ్చి చూసుకునేలా అమ్మకానికి పెట్టిన ఇంటి తలుపులు కొన్ని గంటలు తెరిచి ఉంచడం. అమెరికాలో ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లు ఏజెంటును తప్పకుండా అడిగే ప్రశ్న "ఓపెన్ హౌస్ ఎప్పుడు పెడదాం?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, దానివల్ల ఏ పని జరుగుతుంది, ఏది జరగదు అన్నది.

అపోహ: వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు అక్కడికక్కడే కొనేస్తారు.

అలా జరగడం అరుదు. కొనేవాళ్లు ఇంటిని మొదట చూసేది ఫోన్‌లో. ధర, ఫొటోలు, గదుల సంఖ్య నచ్చితేనే బయల్దేరతారు. కొనాలని గట్టిగా అనుకున్నవాళ్లు చాలావరకు తమ ఏజెంటుతో సమయం తీసుకుని విడిగా వస్తారు. ఓపెన్ హౌస్‌కు వచ్చేవాళ్లలో తమ ఇంటి విలువ ఎంతో అంచనా వేసుకోవాలనుకునే ఇరుగుపొరుగు, ఇంకా లోను సంగతి చూసుకోనివాళ్లు ఎక్కువగా కనిపిస్తారు.

అయినా ఇద్దరికి అది బాగా అక్కరకొస్తుంది. ఒకరు, ఇంకా ఏజెంటును పెట్టుకోని కొనుగోలుదారు. రెండోవారు, ఇల్లు ఇప్పటికే చూసి నచ్చి, ఇంట్లోవాళ్లకు చూపించడానికి మళ్లీ వచ్చేవారు. ఈ రెండో రకాన్ని గుర్తుపట్టడం తేలిక: టేపుతో గది కొలుస్తారు, సోఫా ఎక్కడ పడుతుందో మాట్లాడుకుంటారు.

అపోహ: అది ఏజెంటు కొత్త క్లయింట్లను పట్టుకోవడానికే.

ఇందులో సగం నిజముంది, దాచాల్సిన పనిలేదు. వచ్చినవాళ్లలో ఈ ఇల్లు నచ్చనివాళ్లు వేరే ఇల్లు కొంటారు, వాళ్లు ఏజెంటుకు కావాలి. అది తప్పేం కాదు. అమ్మేవాళ్లు చూడాల్సింది, ఆ రోజు తలుపు దగ్గర నిలబడేది ఎవరన్నది. లిస్టింగ్ ఏజెంటు (మీ ఇంటిని అమ్మిపెట్టే ఏజెంటు) రాకుండా ఆఫీసులోని కొత్తవారిని పంపితే, ఆ మనిషికి ఇంటి గురించి ఏమీ తెలియకపోవచ్చు. పైకప్పు ఏ సంవత్సరంలో వేశారు, ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం), ఏసీ, వాటర్ హీటర్ వయసెంత, హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) రుసుము ఎంత, ఏ ఉపకరణాలు ఇంటితోపాటు వస్తాయి? ఇవన్నీ ఒక్క పేజీలో రాయించి హోస్ట్ (ఆ రోజు ఇల్లు చూపించే ఏజెంటు) చేతిలో పెట్టండి. "కనుక్కుని చెప్తాను" అన్న జవాబు రెండుసార్లు విన్న కొనుగోలుదారు మూడో ప్రశ్న అడగడు.

అపోహ: ఎన్నిసార్లు పెడితే అంత మంచిది.

ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఇల్లు ఎంఎల్‌ఎస్‌లోకి (అమ్మకానికున్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పంచుకునే డేటాబేస్) ఎక్కగానే, అలాంటి ఇంటికోసం సెర్చ్ సేవ్ చేసుకున్నవాళ్లందరికీ అలర్ట్ వెళ్తుంది. నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లంతా మొదటి వారాంతంలోనే వస్తారు. ఆ తర్వాత చూసేది కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లే, వాళ్ల సంఖ్య ఎప్పుడూ తక్కువే. అందుకే చాలామంది గురువారం లిస్టింగ్ తెరిచి, శని, ఆదివారాల్లో ఓపెన్ హౌస్ పెట్టి, సోమ లేదా మంగళవారం సాయంత్రం వరకు ఆఫర్లు తీసుకుంటారు. సమయం రెండు గంటలు చాలు. అదే జనం నాలుగు గంటల్లో విడివిడిగా వస్తే ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది. రెండు గంటల్లో వస్తే, ఈ ఇల్లు ఇంకొకరికీ నచ్చిందన్న సంగతి కొనేవాళ్లు కళ్లారా చూస్తారు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, సోమవారం తొందరపడి మసక ఫొటోలతో లిస్టింగ్ పెడతారు, మంచి ఫొటోలు శుక్రవారం వస్తాయి. అప్పటికే మొదటి అలర్ట్ వెళ్లిపోయింది, జనం ఆ మసక ఫొటోలు చూసి పక్కకు జరిపేశారు. ఫొటోలు చేతికి వచ్చాకే లిస్టింగ్ తెరవాలి.

నాలుగో వారం, ఐదో వారం అదే ధరతో ఓపెన్ హౌస్ పెడుతూ పోతే "ఇది ఎందుకో కదలడం లేదు" అన్న సందేశం వెళ్తుంది. మార్కెట్‌లో ఎన్ని రోజులుగా ఉందో లిస్టింగ్‌లోనే కనిపిస్తుంది కాబట్టి తక్కువ ఆఫర్లు మొదలవుతాయి. ముందు ఏదో ఒకటి మారాలి: ధర తగ్గించడం, పాత కార్పెట్ తీయించడం, గోడలకు రంగు వేయించడం. మారిన వారాంతానికే తర్వాతి ఓపెన్ హౌస్ పెట్టాలి.

అపోహ: ఇంటివాళ్లే దగ్గరుంటే బాగా వివరించగలరు.

ఇంటివాళ్లు ఎదురుగా ఉంటే వచ్చినవాళ్లు అల్మరా తెరవరు, వంటగది చిన్నదని పైకి అనరు, తొందరగా వెళ్లిపోతారు. పైగా "వచ్చే నెల ఊరు మారుతున్నాం" అని మాటవరసకు అన్న ఒక్క మాట బేరంలో మీకే ఎదురు తిరుగుతుంది. పెంపుడు జంతువులను కూడా తీసుకుని బయటికి వెళ్లండి.

అపోహ: సువాసనలు వెదజల్లితే ఇల్లు బాగుంటుంది.

ఘాటైన ఎయిర్ ఫ్రెషనర్ అనుమానం పుట్టిస్తుంది: తేమ వాసనా, పెంపుడు జంతువుల వాసనా, దేన్ని దాస్తున్నారు? ముందురోజు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి, చెత్త తీసేయండి, సింకు డ్రెయిన్ కడగండి. ఆ రోజు బ్లైండ్లన్నీ ఎత్తి, దీపాలన్నీ వేసి, కౌంటర్‌టాప్ మీద సామాను తీసేస్తే చాలు.

అపోహ: నగలు బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రత అయిపోయినట్టే.

నగల కంటే ముందు గుర్తుకు రావాల్సినవి మందులు. బాత్రూమ్ అల్మరాలోని ప్రిస్క్రిప్షన్ మాత్రలు నిమిషంలో మాయమవుతాయి. బ్యాంకు కాగితాలు, వచ్చిన ఉత్తరాలు, అదనపు తాళంచెవులు, గ్యారేజ్ రిమోట్, లాప్‌టాప్‌లు, తుపాకులు ఏవీ ఇంట్లో ఉంచకూడదు. రెండంతస్తుల ఇంటికి ఇద్దరు హోస్టులు కావాలి, ఒక్కరు పైన ఉంటే కింద ఏం జరుగుతుందో తెలియదు. అయిపోయాక ప్రతి కిటికీ గడియ, వెనక తలుపు, బేస్‌మెంట్ తలుపు చేత్తో లాగి చూడండి. రాత్రి తిరిగి రావడానికి కావాలనే గడియ తీసి వెళ్లేవాళ్లు ఉంటారు.

కెమెరా విషయంలో ఒక జాగ్రత్త. దృశ్యం వేరు, మాటలు వేరు. మాటలు రికార్డు చేయాలంటే ఫెడరల్ చట్టం ప్రకారం ఆ సంభాషణలో ఉన్న కనీసం ఒకరి సమ్మతి ఉండాలి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఆంతరంగిక సంభాషణకు అందరి సమ్మతీ కావాలి. బయటికి వెళ్లిన ఇంటి యజమాని ఆ సంభాషణలో లేరు. మైకు ఆపేయడమో, బోర్డు పెట్టడమో చేయండి.

అపోహ: అక్కడున్న ఏజెంటు కొనేవాళ్ల తరఫున కూడా మాట్లాడతారు.

హోస్ట్ అమ్మేవాళ్ల మనిషి. "ఇంకొంచెం ఎక్కువ పెట్టగలం" అని అక్కడ అన్న మాట నేరుగా అమ్మేవాళ్ల చెవికి చేరుతుంది. 2024 ఆగస్టు 17 నుంచి ఏజెంట్ల జాతీయ సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ నిబంధన మారింది. ఏజెంటు కొనుగోలుదారు తరఫున పనిచేస్తూ ఇల్లు చూపించే ముందు రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మీరు కొనేవారై, మీ అంతట మీరు ఓపెన్ హౌస్‌కు వెళ్లి చూస్తే ఆ ఒప్పందం అక్కర్లేదు. తలుపు దగ్గర ఇచ్చిన కాగితం హాజరు పట్టికా, ఒప్పందమా అన్నది చదివి సంతకం పెట్టండి.

"ఇక్కడ ఎలాంటివాళ్లుంటారు?" అని అడిగితే హోస్ట్ జవాబు చెప్పకపోవడం మొరటుతనం కాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం ఆధారంగా వివక్షను నిషేధించింది. లింగం 1974లో, వైకల్యం, పిల్లలున్న కుటుంబం 1988లో చేరాయి. అందుకే హాజరు పట్టిక అడిగితే వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాలి, కొందరిని వదిలేయకూడదు.

అపోహ: జనం బాగా వస్తే ఓపెన్ హౌస్ బాగా జరిగినట్టే.

తలలు లెక్కపెట్టడం వల్ల ఏమీ తెలియదు. ఎంతసేపు ఉన్నారు, ఎవరు మళ్లీ చూస్తామన్నారు, ఏ గదిలో ముఖం చిట్లించారు, ఇవి రాసిపెట్టమని హోస్ట్‌కు ముందే చెప్పండి. మర్నాటిలోగా ఒక్కొక్కరికీ ఫోన్ వెళ్లాలి, వారం ఆగితే ఏ ఇల్లు ఏదో వాళ్లకు గుర్తుండదు. అసలు ఎవరూ రాకపోతే తప్పు ఫొటోల్లోనో, కొనేవాళ్లు సెర్చ్‌లో పెట్టుకున్న పరిధి దాటిన ధరలోనో ఉంది. జనం నిండుగా వచ్చి, వారంలో ఒక్కరు కూడా రెండోసారి చూస్తామని అడగకపోతే, ఫొటోలు వాళ్లను గుమ్మం దాకా తెచ్చాయి, లోపల కనిపించింది ఆ ధరకు సరిపోలేదు.