ఐ9 పెడితేనే గేమ్ ఆడుతుందా? గేమింగ్ ప్రాసెసర్లపై అపోహలు - వాస్తవాలు

వైజాగ్ ద్వారకానగర్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసే పని నాది. కొటేషన్ కాగితంలో మొదటి లైను ప్రాసెసర్‌దే కాబట్టి గేమింగ్ పీసీకి వచ్చినవాళ్ల బేరం, వాదన అక్కడే మొదలవుతాయి. నేను మాత్రం ముందు మానిటర్ గురించి అడుగుతాను. ఎన్ని హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుంది), ఏ రిజల్యూషన్ (తెర మీద ఎన్ని పిక్సెళ్లు), ఏ గేములు? ఈ మూడూ తేలకుండా ఐ5, ఐ9 అని ఇంటెల్ మోడళ్ల పేర్లు పట్టుకుని కొట్టుకోవడం టైము దండగ.

అపోహ: ఐ9 గానీ ఏఎండీ రైజెన్ 9 గానీ ఉంటే ఏ గేమైనా పరిగెడుతుంది

మొన్న గాజువాక నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయి రాసుకొచ్చిన లిస్టులో కోర్ ఐ9-14900కే, దానికి పెద్ద లిక్విడ్ కూలర్, ఖరీదైన మదర్‌బోర్డు. గ్రాఫిక్స్ కార్డ్ దగ్గరికి వచ్చేసరికి డబ్బులు అయిపోయి ఆర్‌టీఎక్స్ 5060 దగ్గర ఆగాడు. మానిటర్ 75 హెర్ట్జ్ 1080పీ. "రేటు ఎక్కువైనదైతే ఎక్కువ కాలం వస్తాది కదా బాబూ" అని తండ్రి.

"అంకుల్, ఈ లిస్టులో సగం డబ్బు ఖాళీగా కూర్చుంటుంది" అన్నాను. శత్రువు ఎటు కదిలాడు, బుల్లెట్ ఎక్కడ తగిలింది, సీన్‌లో ఏమేం గీయాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ బొమ్మని గీసేది గ్రాఫిక్స్ కార్డ్. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) అక్కడ ఆగుతుంది. 60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 144కి 6.9, 240కి 4.2. 75 హెర్ట్జ్ మానిటర్‌కి కావలసిన లెక్కలు ఆరు కోర్ల (చిప్పులో లెక్కలు చేసే విభాగాలు) రైజెన్ 5 7600 చాలా గేముల్లో తీరిగ్గా చేసేస్తుంది. 1080పీ నుంచి 4కేకి వెళ్తే గీయాల్సిన పిక్సెళ్లు నాలుగు రెట్లవుతాయి గానీ ప్రాసెసర్ చేసే లెక్కలు దాదాపు అంతే ఉంటాయి. అందుకే రిజల్యూషన్ పెరిగేకొద్దీ మధ్యరకం ప్రాసెసర్‌కీ ఖరీదైనదానికీ తేడా కరిగిపోతుంది.

చివరికి వాళ్లు రైజెన్ 5 7600 తీసుకున్నారు. దాని డబ్బాలోనే కూలర్ వస్తుంది. మిగిలిన డబ్బు 5070 కార్డుకి, 165 హెర్ట్జ్ 1440పీ మానిటర్‌కి సరిపోయింది. "ఫ్రెండ్స్‌కి ఐ9 అని చెప్పుకోవడానికి లేదన్నా" అని అబ్బాయి కాసేపు మొహం మాడ్చుకున్నాడు. ఆ బాధకి నా దగ్గర మందు లేదు.

అపోహ: కోర్లు ఎన్ని ఎక్కువైతే ఎఫ్‌పీఎస్ అంత ఎక్కువ

గేములో ముఖ్యమైన లెక్కలు ఒకటి రెండు థ్రెడ్ల (కోర్ మీద వరుసగా నడిచే పనులు) మీదే ఎక్కువగా పడతాయి. పెళ్లిలో వడ్డనకి పదహారు మందిని పెట్టినా వంట దించేవాడు ఒక్కడే అయితే బంతి అతని చేతివేగంతోనే సాగుతుంది. 16 కోర్ల రైజెన్ 9 7950ఎక్స్3డీనే చూడండి. అందులో అదనపు క్యాష్ (చిప్పులోనే ఉండే వేగవంతమైన మెమరీ) ఉన్నది ఎనిమిది కోర్ల వైపే. గేమ్ నడిచేటప్పుడు పనిని ఆ ఎనిమిదికే పంపి మిగతావాటిని పడుకోబెట్టేలా దాని డ్రైవర్ రాశారు. గేమింగ్‌లో అది ఎనిమిది కోర్ల 7800ఎక్స్3డీ దగ్గర్లోనే ఉంటుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఈరోజు గేములకి సరిపడే మెట్టు. నాలుగు కోర్లకి దిగితే మాత్రం కొత్త గేముల్లో తడబాటు తెలుస్తుంది.

గిగాహెర్ట్జ్‌దీ, అంటే ప్రాసెసర్ క్లాక్ వేగానిదీ, ఇదే కథ. 14900కే 6.0 దాకా వెళ్తుంది, 7800ఎక్స్3డీ 5.0 దగ్గరే ఆగుతుంది. అయినా చాలా గేముల్లో రెండోదే ముందుంటుంది, కారణం దానిలోని 96 ఎంబీ ఎల్3 క్యాష్. గేముకి కావలసిన డేటా చిప్పులోనే దొరికితే ర్యామ్ దాకా వెళ్లి రావాల్సిన పని తగ్గుతుంది. ఒకే తరంలోని, ఒకే రకం చిప్పుల మధ్యే గిగాహెర్ట్జ్ పోలిక పనికొస్తుంది.

అపోహ: ఐ7 అంటే ఐ5 కంటే పెద్దదే

సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "ఐ7 గేమింగ్ పీసీ" అని అమ్మకానికి పెడతారు, తీరా చూస్తే ఐ7-4770. అది 2013 నాటి నాలుగు కోర్ల చిప్పు. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా కోర్లు నాలుగే, కానీ వేగంలో ఇది దాన్ని దాటేస్తుంది. పైగా ఆ పాత ఐ7కి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఐ5, ఐ7 అన్న ముక్క తర్వాత వచ్చే అంకెలు చదవండి. 12400 అంటే 12వ తరం, 4770 అంటే 4వ తరం. చివర 'ఎఫ్' ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు సర్వీసుకి వెళ్లిన వారం రోజులూ తెర మీద బొమ్మ రాక పీసీ మూలన కూర్చుంటుంది.

అపోహ: ఇప్పుడే టాప్ మోడల్ కొంటే ఐదారేళ్లు చూసుకోనక్కర్లేదు

ఖరీదు ఎక్కువైనంత మాత్రాన ఆయుష్షు ఎక్కువ ఉండదు. ఇంటెల్ 13, 14 తరాల్లో వోల్టేజ్ సమస్య వల్ల క్రాష్‌లు ఎక్కువగా కనిపించింది పై మోడళ్లలోనే. 2024లో కంపెనీ మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ చిప్పులు వాడుతున్నవాళ్లు ఆ మార్పును తెచ్చే బయోస్ (పీసీ ఆన్ కాగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయించుకోకపోతే ఈ వారమే చేయించుకోండి.

నేను ముందు సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చూస్తాను. 2017లో తొలి రైజెన్ కోసం కొన్న ఏఎం4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ బయోస్ అప్‌డేట్‌తో కూర్చుంది. ఇప్పటి ఏఎం5కి 2027 దాకా, ఆపైన కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఈరోజు మధ్యరకం చిప్పు పెట్టుకుని, మూడేళ్ల తర్వాత అదే బోర్డులో పెద్దది వేసుకోవడం నాకు నచ్చే దారి. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది, కోర్ అల్ట్రా 200ఎస్ చిప్పులకి బోర్డు కూడా మార్చాల్సిందే.

అపోహ: వైజాగ్ ఉక్కపోతకి పెద్ద ప్రాసెసర్ తట్టుకోదు

తట్టుకుంటుంది, ఖర్చు పెడితే. గది 35 డిగ్రీలుంటే చిప్పు కూడా ఆ మేరకు వేడిగానే నడుస్తుంది. 14900కే పూర్తి లోడులో 253 వాట్ల దాకా లాగగలదు, దానికి మంచి కూలర్, గాలి ఆడే క్యాబినెట్ తప్పవు. ఎక్స్3డీ కాని రైజెన్ 7000 చిప్పులు 95 డిగ్రీల దాకా నడిచేలా తయారైనవే, కాబట్టి అంకె చూసి టెన్షన్ పడకండి. లాసన్స్ బే వైపు ఇళ్లలో నాకు కనిపించే అసలు సమస్య ఉప్పుగాలి. స్క్రూలు, పోర్టులు తుప్పు పడతాయి. కిటికీకి ఎదురుగా పీసీ పెట్టకండి.

అపోహ: అలాగైతే మధ్యరకం అందరికీ చాలు

ఇది మా వ్యాపారంలోవాళ్లే ఎక్కువగా చెప్పే మాట, నాకిది కూడా నచ్చదు. 240 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 సీరియస్‌గా ఆడేవాళ్లు సెట్టింగులన్నీ లో పెట్టుకుంటారు. అప్పుడు కార్డుకి పని తేలికై భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. వాళ్లకి 7800ఎక్స్3డీ గానీ 9800ఎక్స్3డీ గానీ ఇచ్చే తేడా నిజమైనది. ఫ్లైట్ సిమ్యులేటర్లు, వందల యూనిట్లు కదిలే స్ట్రాటజీ గేములు కూడా క్యాష్‌ని బాగా వాడుకుంటాయి. యావరేజ్ ఎఫ్‌పీఎస్ ఒకేలా ఉన్నా, గుంపు ఎక్కువున్న సీన్లలో ఒక్కసారిగా పడే కుదుపులు వీటితో తగ్గుతాయి. వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ మీద సంపాదించేవాళ్లకి 16 కోర్లు కూడా దండగ కాదు. యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వడానికే ఐ9 కావాలనుకునేవాళ్లు మాత్రం ఆగండి. ఎన్‌విడియా కార్డుల్లో వీడియో ఎన్‌కోడ్ చేసే (పంపడానికి వీలుగా కుదించే) విభాగం విడిగా ఉంటుంది, ఆ పని దానికి వదిలేయొచ్చు.

అపోహ: బాటిల్‌నెక్ శాతం చూసి ప్రాసెసర్ మార్చాలి

ప్రాసెసర్, కార్డుల్లో ఒకటి రెండోదాన్ని ఆపడమే బాటిల్‌నెక్. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లు చూపించే ఆ శాతానికి మీ గేమ్, మీ సెట్టింగులు ఏం తెలుసు? టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే ఉందని సంబరపడటమూ తప్పే. పన్నెండు థ్రెడ్లలో ఒక్కటి పూర్తిగా నిండినా మొత్తం మీద కనిపించేది 8 శాతమే. మీరు ఎప్పుడూ ఆడే గేమ్ తెరిచి, ఒకే చోట నిలబడి రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డ్. ఎఫ్‌పీఎస్ లిమిట్, వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ హెర్ట్జ్‌కి కట్టేసే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండి కూడా అంకె కదలకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి. కొత్తది కొనేముందు ర్యామ్ ఒక్క స్టిక్కే ఉందా రెండున్నాయా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉందా చూడండి. నా దగ్గరికి "ప్రాసెసర్ మార్చేయండి" అని వచ్చే పీసీల్లో కొన్ని ఆ ఒక్క సెట్టింగ్ మార్చించుకుని ఇంటికెళ్లిపోతుంటాయి.