టీచర్ల గ్రూపుల్లోకి ఆర్డర్లు ఎప్పుడొచ్చాయి?

విశాఖలో ఏ సర్కారు బడి టీచరు ఫోన్ చూసినా తక్కువలో తక్కువ నాలుగు వాట్సాప్ గ్రూపులుంటాయి: మండలం గ్రూపు, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) గ్రూపు, సంఘం గ్రూపు, సబ్జెక్టు గ్రూపు. పాఠం గురించి మాట చివరి దాంట్లోనే వినిపిస్తుంది. అదీ ఫిబ్రవరి వచ్చిందంటే ఇన్‌కంటాక్స్ ఎక్సెల్ షీట్లతో నిండిపోతుంది. మిగతా వాటిలో "సాయంత్రం 5 లోపు లింకు పూర్తి చేయగలరు" అని ఒకరు పెట్టడం, కింద వరుసగా దండాల బొమ్మలు. తోటివాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన చోటు ఇలా తయారవడం వెనక చాలా కథ ఉంది. అది ఫోన్లతో మొదలవలేదు.

1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు వచ్చింది. దాంతో వచ్చినవే ఉపాధ్యాయ కేంద్రాలు. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరడం, అట్టముక్కలతో, గింజలతో చేసిన బోధనోపకరణాలు చూపించుకోవడం, ఒకరు మాదిరి పాఠం చెబితే మిగిలినవాళ్లు తప్పొప్పులు మాట్లాడటం. అధికారులు దాన్ని శిక్షణ అన్నా, జరిగింది మాత్రం ఇచ్చిపుచ్చుకోవడమే. తర్వాతి రోజుల్లో కాంప్లెక్స్ మీటింగుల్లో మిగిలింది ఈ పద్ధతే.

1986 జాతీయ విద్యా విధానం జిల్లాకో డైట్ (టీచర్లకు శిక్షణనిచ్చే జిల్లా సంస్థ) ఉండాలంది. మనకు అది భీమిలిలో ఉంది. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చాక టీచరుకు ఏటా 20 రోజుల శిక్షణ అన్న లెక్క పెట్టారు. రాష్ట్ర స్థాయిలో కొందరికి, వాళ్లు జిల్లాలో మరికొందరికి, వాళ్లు మండలంలో టీచర్లకు. పైన చెప్పింది ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) హాలుకు చేరేసరికి పలచబడి మాడ్యూలు పుస్తకం చదివి వినిపించడంగా మిగిలేది. ఆ హాళ్లలో మధ్యాహ్నం భోజనం తర్వాతి సెషన్ ఎలా నడిచేదో అందులో కూర్చున్నవాళ్లను అడగండి.

సాంకేతికత ముందుగా ఆదుకున్నది ఈ పైనుంచి కిందికి వచ్చే వరుసనే. 2004 సెప్టెంబరులో ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ 'మన టీవీ'లో టెలికాన్ఫరెన్సులు నడిచాయి. స్టూడియోలో నిపుణులు మాట్లాడతారు, జిల్లాల్లో టీచర్లు వింటారు. పక్క మండలం టీచరుతో మాట్లాడే వీలు అందులో లేదు.

ఆ వీలు అప్పటికి వేరే దేశాల్లో మరో దారిలో వస్తోంది. జ్ఞానం మనుషుల మధ్య ఉండే లంకెల్లోనే ఉంటుందని కెనడా విద్యావేత్త జార్జ్ సీమెన్స్ 2004లో ప్రతిపాదించాడు. 2009లో అమెరికా టీచర్లు ట్విట్టర్‌లో ఎడ్‌చాట్ పేరుతో వారం వారం చర్చ మొదలుపెట్టారు. అక్కడా అన్నీ సాఫీగా లేవు. టీచర్లు ఎన్నో బృందాలు కట్టుకున్న నింగ్ అనే వెబ్‌సైట్ 2010లో ఉచిత సేవ ఎత్తేసింది. డబ్బు కట్టలేని బృందాలు చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి.

మన టీచర్లు ట్విట్టర్ జోలికి పెద్దగా పోలేదు. కొందరు సొంతంగా వెబ్‌సైట్లు పెట్టి జీవోలు, డీఏ పట్టికలు అందించారు. జీవో కాపీ కోసం సంఘం ఆఫీసు చుట్టూ తిరిగే పని దాంతో తప్పింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక వాట్సాప్ ఊపందుకుంది. ఐదో తరగతి పిల్లలు మూడో వంతు కన్నా నాలుగో వంతే పెద్దదంటున్నారని ఒక మేడమ్ రాత్రి పూట అడిగితే, చోడవరం వైపు సారొకరు కాగితం మడతపెట్టి ఫొటో తీసి పంపుతారు. ఇంకొకరు రొట్టెను ముగ్గురికి, నలుగురికి పంచి చూపించమంటారు. మర్నాడు ఉదయానికి పాఠం సిద్ధం. ఉపాధ్యాయ కేంద్రం చేసిన పని ఇదే. వాట్సాప్‌లో లోపం చెప్పింది నిలవ ఉండకపోవడం. వారం తిరిగేసరికి ఆ ఫొటో శుభోదయాల కింద పడిపోతుంది, కొత్తగా చేరినవాళ్లు మళ్లీ అదే అడుగుతారు. 2022 దాకా గ్రూపుకు 256 మంది హద్దు కూడా ఉండేది కాబట్టి ఒకే సబ్జెక్టు టీచర్లు రెండు, మూడు గ్రూపులుగా విడిపోయేవారు.

2017 సెప్టెంబరు 5న టీచర్లకు ఆన్‌లైన్‌లో కోర్సులు, పాఠాలు అందించే కేంద్రం వారి దీక్ష పోర్టల్‌ను అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. 2019లో ముఖాముఖిగా మొదలైన, దేశమంతా టీచర్లకిచ్చే నిష్ఠ శిక్షణ కోవిడ్‌తో ఆన్‌లైన్‌కు మారింది. 2020 జులై 16న తొలి ఆన్‌లైన్ నిష్ఠను మొదలుపెట్టింది మన రాష్ట్రంలోని 1,200 మంది కీ రిసోర్స్ పర్సన్ల (తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ల)తోనే. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చన్నది మంచి మాటే. కానీ సర్టిఫికెట్‌కు 70 శాతం మార్కులు, పూర్తి చేయనివాళ్ల జాబితాలు అనేసరికి జవాబుల కీ కూడా గ్రూపుల్లోనే తిరిగింది. గ్రూపుల్లో ఆర్డర్ల జోరు పెరిగింది ఈ రోజుల్లోనే అని నా అంచనా. బడులు మూతపడ్డాక అందరూ దొరికే చోటు వాట్సాప్ ఒక్కటే. బడులు తెరిచారు గానీ ఆ అలవాటు పోలేదు. మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం లెక్కలు, 2022 ఆగస్టులో ముఖం చూపి హాజరు వేసే యాప్. సొంత ఫోన్, సొంత డేటా ఎందుకు వాడాలని సంఘాలు రోడ్డెక్కింది అప్పుడే.

అదే ఏడాది ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడు జిల్లాలుగా విడిపోయింది. పాడేరు, అరకు వైపు బడులు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అక్కడ చాలా ఊళ్లలో సిగ్నల్ కోసం మెట్ట ఎక్కాలి. కోర్సు డౌన్‌లోడ్ చేసుకోవాలంటే పాడేరు దిగాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలి. దీక్షలో ఆడించి వదిలేసిన వీడియోకు సర్టిఫికెట్ ఉంది, భిన్నాల మీద రాత్రి జరిగిన చర్చకు లేదు. 50 గంటల్లో ఏది లెక్కకొస్తుందన్న తగువు మున్ముందు ఇక్కడే మొదలవుతుంది.